కృష్ణుడి నీలం ఒకటా రెండా? ఇంట్లో ఉన్న తంజావూరు పటాన్ని మల్టీస్పెక్ట్రల్‌గా చూడ్డం ఎలా

చెన్నై చాకలిపేటలో మా అమ్మమ్మ వాళ్ళింట్లో హాలు గోడకి ఒక తంజావూరు పటం ఉంది. వెన్నకుండ పక్కన పెట్టుకుని కూర్చున్న బాలకృష్ణుడు, చుట్టూ బంగారు రేకు, రాళ్ళు, టేకు ఫ్రేము, అన్నీ మామూలే. అమ్మమ్మకి వాళ్ళ అత్తగారి నుంచి వచ్చింది. నేను పుట్టినప్పట్నుంచీ చూస్తున్న పటమే, కానీ రెండేళ్ళ కింద ఒకరోజు దీపం పెడుతూ ఉన్నట్టుండి "నేను కాపరానికొచ్చిన కొత్తల్లో స్వామి ఇంత నీలంగా లేడ్రా, మబ్బు రంగులో ఉండేవాడు, మిద్దె కారి పటం తడిసిన ఏడు మీ తాతయ్య ఎవరికో ఇచ్చి బాగుచేయించారు" అంది. ఇంక నాకు నిద్ర పడితే ఒట్టు. అంటే ఈ నీలంలో పాతదెంత, తర్వాత పూసిందెంత? కంటికైతే అంతా ఒకటే నీలం.

అది తేల్చుకోడానికి నేను చేసిన పని మొత్తం ఇక్కడ రాస్తున్నా, మీ ఇంట్లో కూడా ఇలాంటి పటం ఉంటే పనికొస్తుంది. సంగతి తెలిసినవాళ్ళందరూ ముందు అడిగేది "ఏ సాఫ్ట్‌వేర్ వాడావ్" అనే. సాఫ్ట్‌వేర్ అంతా ఫ్రీనే, అరగంటలో దిగిపోతుంది. కష్టమంతా ఫొటో తీసే దగ్గరుంది. అక్కడ తేడా కొడితే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ బాగుచెయ్యలేదు సరికదా, ఆ తప్పునే మంచి మంచి రంగుల్లో చూపించి మనల్ని నమ్మించేస్తుంది, నేను ఒక నెలంతా అలా నమ్మాను.

విషయం ఏంటంటే, మన కన్నూ మామూలు కెమెరా వెలుతుర్ని మూడే మూడు డబ్బాల్లో పోసి చూస్తాయి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం. రెండు వేరే వేరే నీలాలు ఆ మూడు డబ్బాల్లో ఒకేలా పడితే మనకి ఒకే రంగు. అదే వెలుతుర్ని ఎనిమిదో పదో సన్న ముక్కలుగా చేసి, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కూడా కలిపి, ఒక్కో ముక్కకి ఒక్కో ఫొటో తీస్తే ఆ రెండు నీలాలూ ఎక్కడో ఒక చోట విడిపోతాయి. మల్టీస్పెక్ట్రల్ అంటే ఇంతే. కెమెరాలో ఉండే సిలికాన్ సెన్సార్‌కి దాదాపు 1000 నానోమీటర్ల (వెలుతురు అల పొడవుని కొలిచే లెక్క ఇది) దాకా చూపుంది, కాకపోతే కంపెనీవాళ్ళే సెన్సార్ ముందు ఒక గాజు ముక్క పెట్టి 700 దాటింది రాకుండా ఆపేస్తారు. ఆ గాజు తీసేయించడాన్ని ఫుల్ స్పెక్ట్రమ్ కన్వర్షన్ అంటారు.

నేను సెకండ్‌హ్యాండ్‌లో ఒక పాత డీఎస్ఎల్ఆర్ కొని కన్వర్షన్‌కి ఇచ్చాను, ఎక్కడ ఇచ్చానో పేరెందుకులెండి, తిరిగొచ్చేసరికి సెన్సార్ మీద ఒక గీత, ఆటోఫోకస్ ఎక్కడికో పోయింది. మీకు ఆ రిస్కు వద్దనుకుంటే రాస్ప్‌బెర్రీ పై వాళ్ళ నోఐఆర్ కెమెరా తీస్కోండి, అది పుట్టుకతోనే ఆ గాజు లేకుండా వస్తుంది, సెన్సార్ చూసింది చూసినట్టు దాచే రా ఫైల్ కూడా ఇస్తుంది. క్వాలిటీ డీఎస్ఎల్ఆర్ అంత ఉండదు కానీ ఒక చిన్న పటానికి, నేర్చుకోడానికి చాలు.

ఇంక వెలుతురు. మ్యూజియంల వాళ్ళు ఎక్కువగా తెల్లటి లైటు పెట్టి లెన్స్ ముందు ఫిల్టర్లు మారుస్తారు. మనలాంటివాళ్ళకి తిరగేసి చెయ్యడమే తేలిక, అంటే లెన్స్ ముందు ఏమీ మార్చకుండా లైట్లే మార్చడం. చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో ఒక పూట తిరిగితే 3 వాట్ల ఎల్‌ఈడీలు రకరకాల రంగుల్లో దొరుకుతాయి. నా దగ్గరున్నవి, నానోమీటర్లలో, 450, 470, 525, 590, 630, 660, 735, 850, 940. ఇందులో 660, 735 మొక్కలు పెంచే లైట్లకి వాడతారు, 850, 940 సీసీటీవీ కెమెరాలకి వాడతారు, అందుకే అవీ సులువుగానే దొరుకుతాయి, షాపులో "మొక్కలకా సార్" అని అడిగితే అవునని తలూపేశాను, మొత్తం కథ చెప్పే ఓపిక ఎవరికుంది. ఒక్కోటి రెండేసి కొనాలి, పటానికి అటొకటి ఇటొకటి 45 డిగ్రీల్లో పెట్టడానికి. అల్యూమినియం హీట్‌సింక్ మీద బిగించి, కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవర్ పెట్టి, ఒక రోటరీ స్విచ్‌తో ఒక్కో జత వెలిగేలా చేస్కుంటే సరిపోతుంది. ముందు బటర్ పేపర్ అడ్డం పెడితే వెలుతురు మెత్తగా పరుచుకుంటుంది. వెలిగించిన వెంటనే కాకుండా ఒక నిమిషం ఆగి తీయండి, వేడెక్కేకొద్దీ ఎల్‌ఈడీ వెలుతురు కొంచెం జారుతూ ఉంటుంది. 940 అయితే వెలిగిందో లేదో కంటికి అస్సలు తెలీదు, అందుకే దాంట్లోకి తేరిపార చూడకండి, ఫోన్ సెల్ఫీ కెమెరాలోంచి చూస్తే చాలా ఫోన్లలో తెలుస్తుంది.

హాలోజెన్ బల్బు ఒకటి చాలదా అని మా తమ్ముడన్నాడు. ఇన్‌ఫ్రారెడ్ దాంట్లో పుష్కలంగా ఉంటుంది నిజమే, దాంతో పాటు వేడీ పుష్కలంగా ఉంటుంది. తంజావూరు పటం అంటే చెక్క మీద గుడ్డ అంటించి, దాని మీద సుద్ద, జిగురు కలిపిన పూత పూసి, ఆ పైన రంగులు. అసలే మన చెన్నై గాలిలో తేమకి ఆ చెక్క ఉబ్బుతూ ముడుచుకుంటూ ఉంటుంది, దాన్ని హాలోజెన్ ముందు కూర్చోబెడితే పొర లేస్తుంది. వద్దు. ఇళ్ళలో వాడే తెల్ల ఎల్‌ఈడీ బల్బుల్లో అయితే ఇన్‌ఫ్రారెడ్ దాదాపు ఉండదు, ఆ బల్బు కింద ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ పెట్టి తీస్తే చీకటే వస్తుంది.

పటం దించడం ఒక పెద్ద ఘట్టం. శుక్రవారం దించకు, మంగళవారం అసలొద్దు, బుధవారం పొద్దున్న స్నానం చేసి ముట్టుకో అంది అమ్మమ్మ. సరే అన్నాను. గాజు తీస్తానంటే మాత్రం చాలా సేపు ఒప్పుకోలేదు, కానీ గాజు మీద మన లైట్లే అద్దంలో కనపడినట్టు కనపడి ఫొటో పాడుచేస్తాయి, అల్ట్రావయొలెట్ కొంత ఆగిపోతుంది కూడా, అందుకని గాజు తీయక తప్పదు. వెనక చెక్కకి కొట్టిన చిన్న మేకులు ఒక్కొక్కటే పీకి ఒక గిన్నెలో వేసి పెట్టుకున్నాను. రంగు ఎక్కడైనా పొడిపొడిగా రాలుతున్నట్టుంటే గాజు ముట్టుకోకండి, పాత బొమ్మల్ని కాపాడే పని తెలిసిన కన్జర్వేటర్‌కి చూపించండి.

పటాన్ని గోడకి ఆనించి నిలబెట్టి, కెమెరాని ట్రైపాడ్ మీద సరిగ్గా ఎదురుగా, పటం మధ్యకి లెవెల్‌లో పెట్టాలి. ఫ్యాన్ ఆపేయాలి, మే నెలలో అయినా సరే. మేడ మీద అయితే కింద రోడ్డులో బస్సు పోతే కూడా ట్రైపాడ్ వణుకుతుంది, నేను చివరికి రాత్రి 11 తర్వాత మొదలుపెట్టాను. కెమెరా పూర్తిగా మాన్యువల్, ఐఎస్ఓ 100, ఎఫ్/8, రా ఫైల్, రెండు సెకన్ల టైమర్. ఫోకస్ సంగతి జాగ్రత్త, ఇన్‌ఫ్రారెడ్‌కి ఫోకస్ వేరే చోట పడుతుంది, 630లో పదునుగా ఉన్నది 940లో మసకబారుతుంది. 850, 940 లైట్లు వేసినప్పుడు లైవ్ వ్యూలో పెద్దది చేసి మళ్ళీ ఫోకస్ చెయ్యండి. అలా చేస్తే బొమ్మ సైజు ఒక వెంట్రుకవాసి మారుతుంది, దాని సంగతి తర్వాత సాఫ్ట్‌వేర్ చూస్కుంటుంది.

పటం పక్కనే ఒక తెల్ల రెఫరెన్స్ ఉండాలి. లాబ్‌లలో స్పెక్ట్రలాన్ అని ఒక ఖరీదైన తెల్ల బిళ్ళ వాడతారు. అది తయారయ్యేది పీటీఎఫ్ఈతో, అదే మన ప్లంబర్లు పైపులకి చుట్టే టెఫ్లాన్ టేపు. హార్డ్‌వేర్ షాపులో నాలుగు రోల్స్ కొని ఒక నల్ల అట్టముక్క మీద కింద నలుపు కనపడనంత మందంగా చుట్టండి. తెల్ల కాయితం పెట్టొద్దు, కాయితాల్లో తెలుపు తేలడానికి కలిపే మందు అల్ట్రావయొలెట్‌లో నీలంగా వెలుగుతుంది, లెక్కలన్నీ తారుమారవుతాయి.

ఒక్కో లైటుకి మూడు ఫొటోలు. ఒకటి పటం. రెండోది, పటం తీసి అదే జాగాలో పటమంత సైజున్న మెరుపు లేని తెల్ల బోర్డు. మూడోది, పటం అలాగే ఉంచి లైటు ఆపేసి, అదే ఎక్స్‌పోజర్‌తో. ఈ మూడోది దండగ అనిపిస్తుంది, కానీ తలుపు సందులోంచి వచ్చే వీధిలైటు, రూటర్ మీద మిణుకుమనే లైటు, అన్నీ ఇందులో దొరికిపోతాయి, తర్వాత తీసేయొచ్చు. ఎక్స్‌పోజర్ ఒక్కో బ్యాండ్‌కి, అంటే ఒక్కో లైటు రంగుకి, ఒక్కోలా ఉండొచ్చు, తెల్ల బోర్డు ఎక్కడా పూర్తిగా పేలిపోకుండా ముప్పాతిక వరకు నిండితే చాలు, కానీ ఒకే బ్యాండ్‌లో ఆ మూడూ ఒకే ఎక్స్‌పోజర్‌తో ఉండి తీరాలి. మళ్ళీ మళ్ళీ పటాన్ని పెట్టి తీయకుండా ముందు తొమ్మిది బ్యాండ్లలో పటం, తర్వాత తొమ్మిదిట్లో బోర్డు తీస్కోండి. ఒక కాయితం మీద రాసుకోండి ఏ నంబర్ ఏ బ్యాండో. నేను రాసుకోకుండా 590, 630 కలిపేసి ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను.

బంగారు రేకు గురించి ఒక మాట. అది అద్దం, ఎంత చేసినా ఎక్కడో ఒక చోట తళుక్కుమంటుంది. లైట్లకీ లెన్స్‌కీ పోలరైజర్లు, అంటే ఒక దిక్కున ఊగే వెలుతుర్నే వదిలే షీట్లు, ఒకదానికొకటి అడ్డంగా పెడితే తగ్గుతుంది కదా అని ప్లాస్టిక్ పోలరైజర్ షీట్లు తెచ్చాను, కంటికి కనపడే రంగుల్లో బ్రహ్మాండంగా పనిచేశాయి, 850కి వచ్చేసరికి ఏమీ లేనట్టే. ఆ మామూలు షీట్లు ఇన్‌ఫ్రారెడ్‌లో పోలరైజ్ చెయ్యవు, పారదర్శకమైపోతాయి. అందుకని లైట్ల కోణం జరుపుకుంటూ బంగారాన్ని వదిలేసి రంగులున్న చోటే శుభ్రంగా వచ్చేలా చూస్కోండి.

ఇప్పుడు కంప్యూటర్. రా ఫైల్‌ని మామూలు ఫొటో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి సేవ్ చేస్తే అది మనకి నచ్చేలా కాంట్రాస్ట్ పెంచుతుంది, గామా వేసి చీకటి భాగాల్ని తేలుస్తుంది, మూడు ఛానెళ్ళని ఒకదాంట్లో ఒకటి కలుపుతుంది. మనకి అవేవీ వద్దు, సెన్సార్ మీద ఎంత వెలుతురు పడిందో ఆ అంకె కావాలి. జేపెగ్ అయితే అసలు లెక్కలోకే రాదు. నేను డీసీరా అనే పాత చిన్న కమాండ్ ప్రోగ్రామ్ వాడతాను. ఫోన్లో చెప్పినట్టు చెప్తా రాస్కోండి: ముందు ప్రోగ్రామ్ పేరు, స్పేస్, మైనస్ నాలుగు, స్పేస్, మైనస్ పెద్ద టీ, స్పేస్, మైనస్ చిన్న ఓ తర్వాత సున్నా, స్పేస్, మైనస్ చిన్న ఆర్ తర్వాత నాలుగు ఒకట్లు విడివిడిగా, చివర్న ఫైల్ పేరు. మైనస్ నాలుగు లీనియర్, అంటే వెలుతురు రెట్టింపైతే అంకె కూడా రెట్టింపయ్యే, 16 బిట్ ఫొటో ఇస్తుంది, రెండోది టిఫ్ ఫైల్ చేస్తుంది, మూడోది రంగుల్ని కలపకుండా సెన్సార్ రంగుల్లోనే ఉంచుతుంది, నాలుగోది వైట్ బ్యాలెన్స్ వెయ్యకుండా ఆపుతుంది. ఫొటో చీకటిగా, ఆకుపచ్చగా, దరిద్రంగా వస్తుంది. అలా వస్తేనే సరిగ్గా వచ్చినట్టు.

తర్వాత అన్నీ ఫిజీలో. ఫిజీ అంటే ఇమేజ్‌జె అనే సాఫ్ట్‌వేర్‌కే ప్లగిన్లన్నీ కలిపి కట్టిన మూట. అమెరికాలో ఎన్‌ఐహెచ్ అనే ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ వాళ్ళు మైక్రోస్కోప్ ఫొటోల కోసమని మొదలుపెట్టింది, జీవశాస్త్రం వాళ్ళు కణాలు లెక్కపెట్టుకోడానికి వాడతారు, మనం కృష్ణుడికి వాడుతున్నాం. చూడ్డానికి ఒక చిన్న పట్టీ లాంటి విండో మాత్రమే ఉంటుంది, మొదటిసారి తెరిచినవాళ్ళు సరిగ్గా ఇన్‌స్టాల్ అవ్వలేదేమో అనుకుంటారు.

టిఫ్ తెరిచి "ఇమేజ్", "కలర్", "స్ప్లిట్ ఛానెల్స్" నొక్కితే మూడు ఛానెళ్ళు విడిపోతాయి. లైటు ఏ రంగో ఆ ఛానెల్ ఉంచుకుని మిగతావి పారెయ్యండి. 450, 470కి నీలం, 525కి ఆకుపచ్చ, 590 నుంచి 735 దాకా ఎరుపు. 850, 940లో మూడూ దాదాపు ఒకేలా ఉంటాయి, సెన్సార్ మీద ఉండే రంగు చుక్కలు అక్కడ అన్నీ పారదర్శకమైపోతాయి, ఏదో ఒకటి తీస్కోండి.

తర్వాతది అన్నిటికంటే ముఖ్యమైన అడుగు, ఫ్లాట్ ఫీల్డ్. "ప్రాసెస్"లో "ఇమేజ్ కాలిక్యులేటర్" తెరిచి, పటం ఫొటోలోంచి లైటు ఆపి తీసిన ఫొటో తీసేయండి, బోర్డు ఫొటోలోంచి కూడా అదే తీసేయండి, తర్వాత మొదటిదాన్ని రెండోదాంతో భాగించండి. కింద "32 బిట్ రిజల్ట్" టిక్ పెట్టడం మర్చిపోతే భాగహారంలో దశాంశాలన్నీ పోయి నల్లటి ఫొటో వస్తుంది, కంగారు పడకండి, టిక్ పెట్టి మళ్ళీ చెయ్యండి. ఇలా భాగించగానే లైటు ఒక పక్క ఎక్కువ పడ్డం, అంచులు చీకటిగా ఉండటం, ఎక్స్‌పోజర్ తేడాలు అన్నీ ఒక్క దెబ్బకి పోతాయి. చివర్లో టెఫ్లాన్ ముక్క మీద ఒక గడి గీసి దాని సగటు చూసి, మొత్తం ఫొటోని ఆ అంకెతో భాగిస్తే అన్ని బ్యాండ్లలోనూ టెఫ్లాన్ 1 అవుతుంది. ఇప్పుడు పటంలో ఎక్కడ ముట్టుకున్నా ఆ చోటు పడ్డ వెలుతురులో ఎన్నో వంతు తిరిగి పంపిందో తెలుస్తుంది.

అన్ని బ్యాండ్లూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి కదా, దానికి ముందు "ఇమేజ్", "స్టాక్స్", "ఇమేజెస్ టు స్టాక్" తో అన్నీ ఒక కట్ట చేసి, "ప్లగిన్స్", "రిజిస్ట్రేషన్", "లీనియర్ స్టాక్ అలైన్‌మెంట్ విత్ సిఫ్ట్" నడపండి. అందులో ట్రాన్స్‌ఫర్మేషన్ అనే చోట "రిజిడ్" అని ఉంటుంది, దాన్ని "సిమిలారిటీ" చెయ్యండి, ఇందాక ఫోకస్ మారిస్తే సైజు మారుతుందన్నాను కదా, రిజిడ్ జరపడం, తిప్పడం మాత్రమే చేస్తుంది, పెద్దా చిన్నా చెయ్యదు. కొన్నిసార్లు 940 బ్యాండ్ అస్సలు అతుక్కోదు, ఎందుకంటే అందులో నీలం తెల్లబడి బొమ్మే వేరేలా ఉంటుంది, పోల్చుకోడానికి దానికి గుర్తులు దొరకవు. అందుకే తీసేటప్పుడే ఫ్రేము మూలల దగ్గర నలుపు తెలుపు గళ్ళున్న కాయితం ముక్కలు పెడతాను, అవి ఏ బ్యాండ్‌లోనైనా ఒకేలా కనపడతాయి. లేజర్ ప్రింట్ తీస్కోండి, అందులో నలుపు కార్బన్, ఇన్‌ఫ్రారెడ్‌లోనూ నల్లగానే ఉంటుంది. ఇంక్‌జెట్ నలుపు చాలాసార్లు మాయమైపోతుంది.

వరస మాత్రం మార్చొద్దు, ముందు భాగహారం, తర్వాత అలైన్‌మెంట్. నేను తిరగేసి చేశాను. అలైన్ చేసినప్పుడు పటం ఫొటో కొంచెం జరుగుతుంది, బోర్డు ఫొటో జరగదు, అప్పుడు ఒకదాన్ని ఇంకోదాంతో భాగిస్తే వెలుతురు మచ్చలు తప్పు చోట తగ్గి తప్పు చోట పెరుగుతాయి. కృష్ణుడి భుజం పక్కన చంద్రవంకలాంటి నీడొకటి వచ్చింది, పాత బొమ్మ బయటపడిందనుకుని ఇంట్లో అందరికీ ఫోన్లు చేశాను. ఆ నెల సంగతే పైన చెప్పింది.

ఇంక సరదా భాగం, ఫాల్స్ కలర్, అంటే కనపడని ఇన్‌ఫ్రారెడ్‌కి కనపడే రంగు ఒకటి అరువివ్వడం. "ఇమేజ్", "కలర్", "మెర్జ్ ఛానెల్స్" లోకి వెళ్ళి ఎరుపు చోట 850 పెట్టండి, ఆకుపచ్చ చోట 630 పెట్టండి, నీలం చోట 525 పెట్టండి. అంతకుముందే "బ్రైట్‌నెస్ కాంట్రాస్ట్" లో మూడిటికీ "సెట్" నొక్కి 0 నుంచి 1 అని ఇచ్చుకోండి. "ఆటో" జోలికి పోవద్దు, అది ఒక్కోదాన్ని ఒక్కోలా సాగదీసి లేని రంగులు పుట్టిస్తుంది. ఇప్పుడు స్క్రీన్ మీద కనపడేది చూస్తే నవ్వొస్తుంది, కుంకుమ రంగు గుడ్డ పసుపైపోతుంది. సింధూరం, ఇంగిలీకం లాంటి ఎరుపులు 630లోనూ 850లోనూ బాగా వెలుగుతాయి, 525లో ఉండవు, ఎరుపూ ఆకుపచ్చా కలిస్తే పసుపు కదా. ఆకుల ఆకుపచ్చ నీలంగా, ఊదాగా తిరిగితే రాగి తాలూకు ఆకుపచ్చ అయ్యుండొచ్చు, ఎర్రగా తిరిగితే నీలిమందూ పసుపు కలిపి చేసిన ఆకుపచ్చ అయ్యుండొచ్చు.

నీలాల సంగతి కొంచెం నిలబడి చూడాలి. నీలిమందు, అల్ట్రామెరీన్, ఇప్పటి డబ్బాల్లో వచ్చే థాలో నీలం, ఈ మూడూ ఇన్‌ఫ్రారెడ్‌ని మింగవు, వాటి గుండా వెళ్ళి కింద సుద్ద పూతకి తగిలి తిరిగొస్తుంది, అందుకని ఫాల్స్ కలర్‌లో ఎరుపు, గులాబీ అవుతాయి. ప్రష్యన్ నీలం మింగేస్తుంది, నల్లగానో ముదురు నీలంగానో ఉండిపోతుంది. అజురైట్ అనే రాతి నీలం కూడా ఆ పక్కే. వీటికి వయసులున్నాయి. నీలిమందు మనకి ఎప్పట్నుంచో ఉంది. ప్రష్యన్ నీలం 1700ల మొదట్లో బెర్లిన్‌లో పుట్టింది. అల్ట్రామెరీన్‌ని రాయి నూరకుండా ఫ్యాక్టరీలో చెయ్యడం 1828 నుంచి, ఒకప్పుడు బట్టలకి పెట్టిన నీలం చాలావరకు అదే, చాకలిపేట పటంలో అది తేలితే భలే ఉండేది. థాలో నీలం బజార్లోకొచ్చింది 1935లో. కాబట్టి ఒక పటంలో థాలో తేలితే ఆ పూత 1935 తర్వాతదే, ఎవరేం చెప్పినా.

మా పటంలో పాదాలు, ఎడమ చెయ్యి, నడుము దగ్గర ఒక సన్నని పట్టీ నల్లటి నీలంగా ఉండిపోయాయి. ఛాతీ, కుడి భుజం, ముఖంలో సగం గులాబీ రంగులోకి తిరిగాయి. రెండిటి మధ్య గీత కత్తితో కోసినట్టు కాదు, నీళ్ళు కారిన మరకలా వంకరటింకరగా పై నుంచి కిందికి దిగింది. మిద్దె ఎటు కారిందో ఇన్నేళ్ళకి తెలిసింది.

అయితే గులాబీ అవ్వగానే పేరు చెప్పేయకూడదు, మూడు నీలాలు అలాగే తిరుగుతాయన్నాను కదా. అక్కడే ఫిజీలో నాకు బాగా నచ్చిన పని. కట్ట తెరిచి, ఛాతీ మీద చిన్న గడి గీసి, "ఇమేజ్", "స్టాక్స్", "ప్లాట్ జెడ్ యాక్సిస్ ప్రొఫైల్" నొక్కండి. ఆ గడి ఒక్కో బ్యాండ్‌లో ఎంత వెలుగుతోందో గీత గీసి చూపిస్తుంది. అదే ఆ రంగు వేలిముద్ర. అల్ట్రామెరీన్ అయితే గీత 590, 600 దగ్గర అడుక్కి వెళ్ళి 660కి అప్పుడే లేవడం మొదలుపెడుతుంది. నీలిమందుకి 660 దగ్గరే గుంట, 735కి బాగా లేస్తుంది. థాలో ఇంకా బద్ధకం, 700 దాటినా కిందే ఉండి తర్వాత లేస్తుంది. మా ఛాతీ గీత 660లో అడుగునే ఉంది, 735లో కొంచెం కదిలింది, 850కి నిటారుగా లేచింది. అల్ట్రామెరీన్ కాదని గట్టిగా చెప్పగలను. థాలో అనే నా అనుమానం, నీలిమందుని కొట్టిపారెయ్యడానికి మాత్రం తొమ్మిది చుక్కలు చాలవు.

ఒకే రంగు పల్చగా పూసిన చోటా మందంగా పూసిన చోటా వేర్వేరు రంగుల్లా కనపడి మోసం చేస్తుంటుంది, నీడ వేసిన బుగ్గ, వెలుగు వేసిన బుగ్గ. అలాంటప్పుడు పైథాన్ వచ్చినవాళ్ళు స్పెక్ట్రల్ పైథాన్ లైబ్రరీలో స్పెక్ట్రల్ యాంగిల్స్ అనేది వాడండి, అది వెలుగు ఎంతో చూడదు, గీత ఆకారమే చూస్తుంది. పాదం గీత ఒకటి, ఛాతీ గీత ఒకటి ఇచ్చి, పటంలో ప్రతి చుక్కా ఏ గీతకి దగ్గరో రంగు వెయ్యమంటే మ్యాప్ వచ్చేస్తుంది. ప్రిన్సిపల్ కాంపొనెంట్స్ కూడా చేసి చూడండి, అది బ్యాండ్లన్నిటినీ కలిపి పెద్ద తేడా నుంచి చిన్న తేడా దాకా వరసగా కొత్త ఫొటోలుగా ఇస్తుంది, మొదటిది దాదాపు వెలుగునీడలే, రెండు, మూడు, నాలుగులో అసలు తేడాలు బయటపడతాయి. కానీ బంగారు రేకునీ రాళ్ళనీ ముందే మాస్క్ చేసి తీసేయాలి, లేకపోతే ఆ తళుకే అంతా ఆక్రమించి మిగతావి కనపడనివ్వదు.

మౌస్‌తో ఇన్ని మెనూలు నొక్కలేం అనుకునేవాళ్ళకి నిప్2 అని ఇంకోటుంది, విప్స్ అనే లైబ్రరీ మీద నడుస్తుంది. విప్స్ పుట్టిందే పెయింటింగుల ఫొటోల కోసం, లండన్ నేషనల్ గ్యాలరీ ఉన్న వాసరి ప్రాజెక్టులో, 1990 ప్రాంతంలో. బ్రిటిష్ మ్యూజియం వాళ్ళు దాని మీద ఒక రెడీమేడ్ వర్క్‌స్పేస్ చేసి మాన్యువల్‌తో సహా 2013లో అందరికీ ఇచ్చేశారు. ఫొటోలు లోపల పడేస్తే ఫ్లాట్ ఫీల్డ్, అలైన్‌మెంట్, ఫాల్స్ కలర్ అదే చేసుకుపోతుంది. ఎక్సెల్ గడుల్లా ఉంటుంది, ఒక గడి మారిస్తే కింద అన్నీ మారతాయి. అది వాళ్ళ ఫిల్టర్ల పద్ధతికి రాసింది, మన లైట్ల పద్ధతికి కొంచెం సర్దుకోవాలి. ముందు ఫిజీలో చేత్తో ఒకసారి చేసి, ఏం జరుగుతోందో అర్థమయ్యాక అందులోకి వెళ్ళడం మంచిదని నా అభిప్రాయం.

అల్ట్రావయొలెట్‌కి కన్వర్షన్ కెమెరా కూడా అక్కర్లేదు, ఫోన్ చాలు. 365 నానోమీటర్ల టార్చి, ముందు నల్లటి ఫిల్టర్ గాజు ఉన్నది తీస్కోండి, 395వి ఊదా రంగు చిమ్మి అంతా చెడగొడతాయి. కళ్ళకి యూవీ అద్దాలు తప్పనిసరి. గదంతా చీకటి చేసి, ఫోన్‌ని స్టాండులో పెట్టి, టార్చిని మెల్లగా పటం మీద తిప్పుతూ లాంగ్ ఎక్స్‌పోజర్ తీయాలి, ఒకే చోట నిలపొద్దు. జింక్ తెలుపు పసుపు పచ్చగా వెలుగుతుంది, టైటానియం తెలుపు నల్లబడుతుంది, లక్క వార్నిష్ నారింజగా వెలుగుతుంది. టైటానియం తెలుపు 1920ల ప్రాంతం నుంచే రంగుల్లో ఉంది, కాబట్టి అదీ ఒక తేదీ గుర్తే. మా కృష్ణుడి ముత్యాల హారంలో కింద వరస వెలిగింది, పై వరస వెలగలేదు, పై వరస ఉన్నది సరిగ్గా ఆ గులాబీ రంగు ఛాతీ మీద.

ఈ పని ఇంట్లో సొంత పటాలకే చేస్కోండి. ఎగ్మోర్ మ్యూజియంలోనో లేపాక్షి గుళ్ళోనో ట్రైపాడ్ తీసుకెళ్ళి లైట్లు వెయ్యాలంటే రాతపూర్వకంగా అనుమతి కావాలి, టార్చి జేబులో పెట్టుకుని వెళ్ళి ఎవరూ చూడనప్పుడు కొట్టే ఆలోచన చెయ్యకండి.

తంజావూరు, తిరుచ్చి వైపు ఈ పటాలు వేసినవాళ్ళు ఎక్కువగా రాజు కులంవాళ్ళు, మదురై వైపు నాయుళ్ళు, విజయనగరం చెదిరాక దక్షిణానికి వెళ్ళిన తెలుగు కుటుంబాలు. ఇది అమ్మమ్మకి చెప్తే "అందుకేగా స్వామి మన మాటలకి ఊ కొడతాడు" అంది. 940 ఫొటో చూపించాను, గులాబీగా తిరిగిన చోట్ల నీలం పల్చబడి కింద కార్బన్ సిరాతో గీసిన గీతలు బయటపడ్డాయి, కుడి చెయ్యి మొదట వెన్నకుండలోకి పెట్టినట్టు గీసి తర్వాత ఎత్తేశారు. కళ్ళజోడు తెప్పించుకుని చాలాసేపు చూసింది. తర్వాత నేను ఒక మాట అనబోయి అన్నాను, ఛాతీ మీద సూదిమొనంత గీకి ల్యాబ్‌కిస్తే పేరు తేలిపోతుంది అని. "గీకుతానన్నావంటే చేతులు విరగ్గొడతా" అంది. గీకకుండా కూడా దారుంది, ఎక్స్‌రేలు తగిలించి చూసే, చేత్తో పట్టుకునే ఎక్స్‌ఆర్ఎఫ్ మిషన్ ముందు పెడితే లోహం తెలుస్తుంది. థాలోలో రాగి ఉంటుంది, ప్రష్యన్ నీలంలో ఇనుము, నీలిమందులో లోహమే ఉండదు. ఆ మిషన్ ఉన్నవాళ్ళని ఇంటిదాకా రప్పించాలి, అమ్మమ్మ కాఫీ ఇస్తానంది.

గాజు తుడిచి, గిన్నెలో దాచిన పాత మేకులే మళ్ళీ వాటి చిల్లుల్లోనే దిగ్గొట్టి, శనివారం పొద్దున్న పటం గోడెక్కించాను.